గణితంలో పాతం, కథలో రాహువు

మన భాషలో గ్రహణమొర్రి అనే మాట వుంది. పై పెదవి చీలి పుట్టిన బిడ్డ విషయంలో వాడే మాట. తెలుగు పాఠం చెప్పుకొని బతికేవాణ్ణి గనుక మాటల పుట్టుపూర్వోత్తరాలు వెతకటం నాకు అలవాటు. చాలా మాటల విషయంలో అదొక కాలక్షేపం. ఈ మాట అలాంటిది కాదు. దీనిలో ఒక లోపం పేరుతోపాటు ఒక తీర్పు కూడా వుంది. బిడ్డ పెదవి చీలి పుట్టిందంటే, గ్రహణంనాడు ఆ తల్లి కత్తిపీట ముట్టివుంటుంది, సూది పట్టివుంటుంది, గడప దాటివుంటుంది అనే తీర్పు ఆ సమాసంలోనే ఇమిడివుంది. విచారణ అక్కర్లేదు, సాక్షి అక్కర్లేదు. బిడ్డ ముఖమే సాక్ష్యం.

సొంత ఇంటి విషయం విమర్శవ్యాసంలోకి తేవటం మర్యాద కాదంటారు. అయినా ఈ ఆలోచన ఎక్కడ మొదలైందో చెప్పకుండా ముందుకు పోవటం నాకు నిజాయితీగా తోచటం లేదు. 2020 జూన్ 21 ఆదివారం సూర్యగ్రహణం పట్టింది. మా అక్కకప్పుడు ఏడో నెల. కరోనా రోజులు గనుక ఇంటిల్లిపాదీ ఇంట్లోనే వున్నారు. ఆమె మామగారు చక్కెర వ్యాధి మనిషి. వేళకు అన్నం పడకపోతే కళ్లు తిరుగుతాయి. గ్రహణం విడిచేదాకా పొయ్యి వెలిగించరాదని అందరూ కూర్చొని వుంటే, అక్క లేచి రెండు బీరకాయలు తరిగి కూర వండి ఆయనకు అన్నం పెట్టింది. సెప్టెంబరులో బాబు పుట్టాడు, పై పెదవి చీలికతో. శస్త్రచికిత్స చేయించారు, పెదవి అతుక్కుంది. కాని ఆ బీరకాయ కూర మాత్రం మూడేళ్లపాటు ఆ ఇంట్లో వుడుకుతూనే వుంది. మాట పెళుసెక్కిన ప్రతిసారీ అది గిన్నెలోంచి బయటికి వచ్చేది.

పై పెదవి ఏర్పడేది గర్భంలో నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల. అంటే మా మేనల్లుడి విషయంలో ఫిబ్రవరి గడిచేసరికే ఆ పని అయిపోయింది. జూన్‌లో తరిగిన బీరకాయకూ దానికీ సంబంధం వుండే వీలు లేదు. ఈ మాటే వెళ్లి అక్క అత్తగారితో చెప్పాను. ఆవిడ అంతా విని, "బాబూ, నీ చదువు నీ దగ్గరుండనీ. రాహువు వున్నాడా లేడా, అది చెప్పు" అంది. లేడన్నాను. ఆవిడ నవ్వి, "మరి లేనివాడి లెక్క పంచాంగంలో నిమిషాలతో సహా ఎలా సరిపోతుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నేను చెప్పిన 'లేడు' అన్న మాట తొందరపాటుదని ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగవేసిన తర్వాతగాని తెలియలేదు.

ముందు ఆకాశంలో వున్నదేమిటో చూద్దాం. సూర్యుడు ఏడాదిలో నక్షత్రాల మధ్య తిరుగుతున్నట్టు మనకు కనిపించే దారి ఒకటి. దానికి క్రాంతివృత్తమని పేరు. చంద్రుడు 27 రోజుల పైచిలుకులో తిరిగివచ్చే దారి మరొకటి. ఈ రెండూ ఒకదానిమీద ఒకటి పడివుంటే ప్రతి అమావాస్యకూ సూర్యగ్రహణమూ, ప్రతి పున్నమికీ చంద్రగ్రహణమూ పట్టవలసిందే. అలా జరగటం లేదు. కారణమేమంటే, చంద్రుని దారి సూర్యుని దారికి 5 డిగ్రీల పైచిలుకు వాలివుంది. ఐదు డిగ్రీలు ఏపాటి అనిపిస్తుంది. కాని ఆకాశంలో చంద్రబింబం వెడల్పు అర డిగ్రీ మాత్రమే. అంటే చంద్రుడు సూర్యుని దారికి పైకో కిందికో పది బింబాల దూరం దాకా తప్పుకొని పోగలడు. చాలా అమావాస్యలు అలా తప్పుకొని పోయేవే.

దాదాపు ఒకే కొలత వున్న రెండు గాజులు తీసుకొని, చిన్నదాన్ని పెద్దదానిలో పెట్టి కాస్త వాల్చండి. అంచులు రెండుచోట్ల, ఎదురెదురుగా, కలుసుకుంటాయి. ఆ రెండు చోట్లనే మన సిద్ధాంతకర్తలు పాతాలన్నారు. చంద్రుడు దక్షిణం నుంచి ఉత్తరానికి దాటే చోటు రాహువు. ఉత్తరం నుంచి దక్షిణానికి దాటే చోటు కేతువు. అక్కడ రాయి లేదు, మన్ను లేదు, వెలుగు లేదు, చీకటీ లేదు. ఎంత పెద్ద దూరదర్శినితో చూసినా ఏమీ కనిపించదు. అయినా అది కల్పన కాదు. రెండు బాటలు కలిసే కూడలి కల్పన కానట్టే. సూర్యుడు ఈ కూడళ్లలో ఒకదాని దగ్గరకు వచ్చిన రోజుల్లో అమావాస్య పడితే సూర్యగ్రహణం. ఆ రోజుల్లోనే పున్నమి పడితే, భూమి నీడ అవతలి కూడలి దగ్గర వుంటుంది గనుక చంద్రుడు ఆ నీడలో దూరతాడు, చంద్రగ్రహణం.

ఈ కూడళ్లు ఒకచోట నిలిచివుంటే గ్రహణాలు ఏటా అవే నెలల్లో వచ్చేవి. అవి నిలవవు. సూర్యచంద్రులు నడిచే దిక్కుకు ఎదురు నడుస్తాయి. రాహుకేతువులకెప్పుడూ వక్రగతే అని జ్యోతిషం చదివినవారు చెప్పే మాటకు అర్థం ఇదే. ఒక చుట్టు తిరగటానికి 18.6 ఏళ్లు. పాతం ఎదురు వస్తూ వుంటుంది గనుక సూర్యుడు ఒకసారి కలిసిన పాతాన్నే మళ్లీ కలుసుకోవటానికి ఏడాది పట్టదు, 346.6 రోజులు చాలు. అందువల్ల గ్రహణాల కాలం ఏటా 19 రోజుల చొప్పున ముందుకు జరుగుతుంది. ఒక పాతం నుంచి రెండో పాతానికి సూర్యుడు చేరటానికి పట్టేది 173 రోజులు. ఈ 173 అనే సంఖ్యను పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి. చివర దీనితో పని వుంది.

ఈ లెక్క మనవాళ్లకు ఎప్పటినుంచి తెలుసు? ఆర్యభటీయం 499 నాటిది. ఒక మహాయుగంలో, అంటే 43,20,000 ఏళ్లలో, చంద్రపాతం 2,32,226 చుట్లు తిరుగుతుందని గీతికాపాదంలో వుంది. యుగాలనగానే నవ్వవలసిన పని లేదు. భిన్నాలు లేకుండా చెప్పటానికి వాడుకున్న పెద్ద హారమది. భాగించి చూడండి: ఒక చుట్టుకు 18.60 ఏళ్లు వస్తుంది. ఈనాటి లెక్కా రెండో దశాంశస్థానం దాకా అదే. చంద్రుని దారి వాలును మాత్రం ఆయన నాలుగున్నర డిగ్రీలన్నాడు; అది అర డిగ్రీకి పైగా తక్కువ. ఇక గ్రహణకారణం విషయానికి వస్తే, చంద్రుడు సూర్యుణ్ణి కప్పుతాడు, భూమి నీడ చంద్రుణ్ణి కప్పుతుంది అని గోళపాదంలో ఒక్క శ్లోకంతో తేల్చివేశాడు. అక్కడ రాహువు పేరైనా ఎత్తలేదు. ఆ మౌనమే ఆయన మీద తర్వాతివారికి కోపం తెప్పించింది.

కథ దారి వేరు. ఋగ్వేదం అయిదో మండలంలో స్వర్భానువనే అసురుడు సూర్యుణ్ణి చీకటితో కొట్టటమూ, అత్రి ఆ సూర్యుణ్ణి మళ్లీ కనుగొనటమూ వున్నాయి. ఛాందోగ్యంలో చంద్రుడు రాహుముఖం నుంచి విడివడటం ఒక పోలికగా వస్తుంది. క్షీరసాగరమథనమూ, దేవతల పంక్తిలో దొంగతనంగా కూర్చున్న దానవుడూ, సూర్యచంద్రుల చాడీ, చక్రంతో శిరచ్ఛేదమూ భారతం ఆదిపర్వంలోనూ, భాగవతం అష్టమస్కంధంలోనూ వున్నాయి. నన్నయా పోతనా తెలుగు చేసి మన నోళ్లకందించిన కథ ఇదే. తరగతిలో ఈ ఘట్టం చెప్పేటప్పుడు 'మొండెం కేతువయింది' అని నేనూ ఏళ్ల తరబడి చెప్పాను. మూలంలో అది లేదు. ఆదిపర్వంలో మొండెం నేలమీద పడి భూమిని కంపింపజేస్తుంది, అంతే. కేతువనే పేరు ఆ రోజుల్లో తోకచుక్కలది. వరాహమిహిరుడు కేతుచారమని ఒక అధ్యాయం రాస్తే అది పూర్తిగా తోకచుక్కల గురించే. తొలినాటి గ్రహశిల్పాల్లో కొన్నిటిలో ఎనిమిదిమందే కనిపిస్తారు, కేతువు లేడు. రెండో పాతానికి ఒక పేరు కావలసివచ్చినప్పుడు తోకచుక్క పేరునూ తలలేని మొండాన్నీ కలిపి తొమ్మిదో గ్రహాన్ని కుదిర్చారు. పురాణం నుంచి గణితం పుట్టిందని వాదించేవారు ఈ సంగతి ఆలోచించాలి. కేతువు విషయంలో జరిగింది తలకిందులు. లెక్కలో ఖాళీ ముందు వచ్చింది, దేవుడు తర్వాత వచ్చి అందులో కూర్చున్నాడు.

ఈ చరిత్రలో అన్నిటికంటె ఆసక్తికరమైన మనిషి నా దృష్టిలో వరాహమిహిరుడు. ఆరో శతాబ్దివాడు. బృహత్సంహితలో రాహుచారమనే అధ్యాయం తెరవండి. రాహువు తల మాత్రమేనని కొందరు, పామని కొందరు, రూపంలేని చీకటని కొందరు అంటారని ముందు పేర్కొంటాడు. తర్వాత ఒక్కొక్కరినీ ప్రశ్నిస్తాడు. ఆకారం వుండి రాశిచక్రంలో తిరిగేవాడే అయితే, తనకు 180 డిగ్రీల అవతల వున్న బింబాన్ని ఎలా పట్టుకుంటాడు? అతని నడకకు నియమం లేదంటే, మీరు లెక్కవేసి ముందుగా ఎలా చెప్పగలుగుతున్నారు? పామై ముఖంతోనూ తోకతోనూ పట్టేవాడైతే, ఆ తలకూ తోకకూ మధ్య వున్న సగం ఆకాశం ఎందుకు మూతపడదు? నేటి హేతువాది కూడా ఇంతకంటె పదునుగా అడగలేడు. అప్పుడు అసలు కారణం చెబుతాడు: చంద్రగ్రహణంలో చంద్రుడు భూమి నీడలో ప్రవేశిస్తాడు, సూర్యగ్రహణంలో చంద్రుడే సూర్యునికి అడ్డుపడతాడు, కనుకనే చంద్రగ్రహణం పడమటి అంచున మొదలు కాదు, సూర్యగ్రహణం తూర్పు అంచున మొదలు కాదు.

ఇంతవరకు చదివి మనం పొంగిపోతాం. కాని అధ్యాయం అక్కడ ఆగదు. ఆ వెనువెంటనే, గ్రహణవేళ జరిగే దానహోమాల్లో భాగం పొంది తృప్తిపడమని బ్రహ్మ రాహువుకు వరమిచ్చాడు, అందుచేత ఆ సమయంలో అతను అక్కడ సన్నిహితుడై వుంటాడు అని కలుపుతాడు. అంతే, తలుపు తెరుచుకుంది. మిగిలిన అధ్యాయం నిండా ఏ నెలలో గ్రహణం పడితే ఏ దేశపురాజుకు కీడు, ఏ రంగు కనిపిస్తే ఏ పంటకు నష్టం అనే ఫలితాలే. ఒకే కలం, ఒకే ఛందస్సు, ఒకే అధ్యాయం. గణితజ్ఞుడు గెలిచిన వాదాన్ని ఫలితజ్ఞుడు అరశ్లోకంలో తిరిగి ఇచ్చివేశాడు.

బ్రహ్మగుప్తుడు ఇంకొక అడుగు వేశాడు. 628లో రాసిన బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో, గ్రహణానికి రాహువు కారణం కాదని చెప్పిన ఆర్యభట వరాహమిహిరాదులను వేదస్మృతులకు విరుద్ధంగా మాట్లాడారని మందలించాడు. అదే మనిషి, అదే గ్రంథంలో, భూమి నీడ వెడల్పు ఎంతో, చంద్రుడు దాన్ని దాటటానికి ఎన్ని ఘడియలు పడుతుందో తప్పులేకుండా గణించే పద్ధతి చెప్పాడు. రాహువు మీద ఆయనకు నమ్మకం వుంటే నీడను కొలవనక్కర్లేదు. ఈ వైరుధ్యాన్ని మొదట వేలెత్తి చూపినవాడు, 1030 ప్రాంతంలో భారతదేశం గురించి గ్రంథం రాసిన అల్బెరూనీ. ఇంతటి గణితవేత్త అంతరాత్మకు విరుద్ధంగా ఎందుకు మాట్లాడాడని ఆయన ఆశ్చర్యపోతాడు. సోక్రటీసుకు పట్టిన గతి తనకు పట్టకూడదని భయపడి వుంటాడని ఊహిస్తాడు. పరదేశి అయినా ఎంత సానుభూతితో చూశాడు! మన పండితులు మాత్రం ఈనాటికీ బ్రహ్మగుప్తుణ్ణి సున్నకు మాత్రమే తలుచుకొని ఈ ఘట్టాన్ని దాటవేస్తారు.

భయమొక్కటే కారణమా? నాకలా తోచదు. మన శాసనాలు చూడండి. తూర్పు చాళుక్యుల నుంచి కాకతీయుల దాకా తెలుగునేల మీద భూదానశాసనాలు తిరగవేస్తే, సూర్యగ్రహణ నిమిత్తంగా ఇచ్చింది, సోమగ్రహణ నిమిత్తంగా ఇచ్చింది అని మాటిమాటికీ కనిపిస్తుంది. చరిత్రకారులకు అదొక వరం. గ్రహణం తేదీ కట్టి రాజు కాలం నిర్ణయించవచ్చు. ఆ గ్రహణాల్లో కొన్ని దానం జరిగిన చోట కనిపించనే కనిపించవని కూడా వారు కనుగొన్నారు. అంటే ఆకాశం చూసి ఇచ్చిన దానాలు కావవి. పంచాంగం చూసి ఇచ్చినవి. గ్రహణం ఎప్పుడు పడుతుందో చెప్పగలిగినవాడూ, ఆనాడు దానం పట్టటానికి అర్హుడూ ఒకే వర్గంవారు. పాతం లెక్క వారి విద్య. రాహువు కథ వారి జీవిక. ఒకటి నిజమని తెలిసినంతమాత్రాన రెండోదాన్ని వదులుకోవటం మనిషికి సులభం కాదు. ప్రతిదాన్నీ పొలం గట్టుకు ముడిపెట్టటం మనవాళ్లకో అలవాటని పాఠకులు నన్ను ఆక్షేపించవచ్చు. ఈ విషయంలో ముడి వేసింది నేను కాదు, శాసనాలు చెక్కించినవారే.

లల్లుడు ఎనిమిదో శతాబ్దంలో రాహువాదాన్ని మళ్లీ ఖండించాడు. 1150లో భాస్కరాచార్యుడు ఖండించి, మళ్లీ రాజీపడ్డాడు. కేరళలో పరమేశ్వరుడు ఈ వాదాల జోలికి పోక అరశతాబ్దానికి పైగా ఆకాశం చూసి, లెక్కకూ కంటికీ పడిన తేడా సవరించి, 1431లో దృగ్గణితాన్ని నెలకొల్పాడు. చూచినదానితో లెక్కను సరిచూసుకోవాలన్న ఆ పద్ధతి నిలిచివుంటే మన చరిత్ర వేరుగా వుండేది. నిలవలేదు. దానికి 1825లో వారెన్ మద్రాసులో ప్రకటించిన కాలసంకలితమే తార్కాణం. పాండిచ్చేరిలో ఒక పంచాంగకర్త నేలమీద గవ్వలు పరచి, కంఠస్థం చేసిన పదాల సాయంతో, ఆ ఏడాది మే 31 రాత్రి చంద్రగ్రహణాన్ని వారెన్ ఎదుట గణించాడు. కాగితం లేదు, కలం లేదు. పట్టు కాలం 4 నిమిషాల తేడాతో వచ్చింది. విడుపు మాత్రం 52 నిమిషాలు తప్పింది. తాను చేస్తున్న లెక్క వెనుక వున్న సిద్ధాంతం ఆ మనిషికి ఒక్క ముక్క తెలియదని వారెన్ రాశాడు. వలసదొర రాతలో చులకన పాలు ఎంతో కొంత వుంటుంది, కాదనను. కాని ఆ చిత్రం నన్ను చాలా రోజులు వెంటాడింది. ఆర్యభటుని సంఖ్య పదమూడు వందల ఏళ్లు గవ్వల్లో బతికింది. ఆర్యభటుని ప్రశ్న బతకలేదు.

తరువాతి ఘట్టం మన నేలమీదనే జరిగింది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణపు దారి తెలుగుదేశం మీదుగా పోయింది. గుంటూరులో ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెనూ, ఇంగ్లీషువారి పక్షాన టెనెంటూ, బందరులో మద్రాసు నక్షత్రశాల అధికారి పోగ్సనూ దుర్భిణులు నిలిపారు. సూర్యుని అంచున ఎగసే జ్వాలలు వాయువులేనని ఆనాడు తేలింది. ఆ వెలుగు పట్టీలో కనిపించిన పసుపు గీత అప్పటికి భూమిమీద ఎవరూ ఎరగని మూలకానిదని తర్వాత తేలి, దానికి హీలియమని పేరు పెట్టారు. 1895లోగాని అది భూమిమీద దొరకలేదు. ఇదే గ్రహణాన్ని సయాం రాజు మోంగ్‌కుట్ స్వయంగా గణించి, తన ఆస్థాన జ్యోతిష్కులు అవునన్నా కాదన్నా వినక, చూడటానికి అడవి తీరానికి పోయాడు. లెక్క సరిపోయింది. అక్కడ తగిలిన మలేరియాతో అక్టోబరు 1న చనిపోయాడు. రాహువు కోపమని కొందరు అనుకొనే వుంటారు.

మన పుస్తకాలు గుంటూరును గుర్తుంచుకున్నాయి, వనపర్తిని మరిచాయి. అదే రోజున నిజాం రాజ్యంలోని వనపర్తిలో ఆ గ్రహణాన్ని పరిశీలించిన జట్టుకు నాయకుడు చింతామణి రఘునాథాచారి, మద్రాసు నక్షత్రశాలలో సహాయకుడు. పంచాంగకర్తల వంశంవాడు. 1867లో వెలుగు మారే ఒక నక్షత్రాన్ని కనుగొన్నాడు. 1874 శుక్రసంక్రమణం గురించి మామూలు జనానికి అర్థమయ్యేలా దేశభాషల్లో చిన్న పుస్తకం వేశాడు. దుర్భిణిలో చూసినదానికీ ఇంట్లో గణించే పంచాంగానికీ పడిన తేడా ఆయనకు నిత్యమూ ఎదురయ్యేది. దాన్ని దాచుకోలేదు. దృగ్గణిత పంచాంగం వేసి, పాత వాక్యపద్ధతివారితో వాదానికి దిగాడు. తన వర్గంతో తానే తగువు పెట్టుకున్నాడన్నమాట. వరాహమిహిరునికీ ఈయనకూ నాకు కనిపించే తేడా ఇదే. 1880లో ఆయన చనిపోయాడు. ఆయన మొదలుపెట్టిన వాదం మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం 1955లో నివేదిక ఇచ్చేదాకా సాగింది. ఒక విధంగా ఇంకా సాగుతున్నది.

ఇక్కడొక చిన్న విషయం చెప్పి ముందుకు పోతాను. అమావాస్యల లెక్కా, పాతాల లెక్కా 223 చాంద్రమాసాలకు, అంటే 18 ఏళ్ల 11 రోజులకు, మళ్లీ ఒకచోట సరిపోతాయి. బాబిలోనియావారికే తెలిసిన చక్రమిది. గుంటూరు గ్రహణం ఈ చక్రంలో 1886, 1904 దాటి, 1922 సెప్టెంబరు 21న ఆస్ట్రేలియా మీద పడింది. ఐన్‌స్టైన్ సిద్ధాంతాన్ని సరిచూసిన గ్రహణాల్లో అది ఒకటి. అదే వరుస 2012 నవంబరు 13న మళ్లీ ఆస్ట్రేలియా చేరింది. 2030 నవంబరు 25న మళ్లీ వస్తుంది. పడమటి జ్యోతిశ్శాస్త్రంలో పాతాలకు నాగుతల, నాగుతోక వంటి పేర్లే వుండేవి. చంద్రుడు పాతం నుంచి బయలుదేరి పాతానికి తిరిగివచ్చే 27.2 రోజుల కాలాన్ని ఈనాటికీ డ్రాకోనిక్ మాసమనే అంటారు. డ్రాకో అంటే మహాసర్పం. పేరులో పాము మిగిలినా అక్కడ దానివల్ల ఎవరూ గర్భిణిని గదిలో పెట్టి తలుపు వేయటం లేదు. తగువు పేరుతో కాదని దీన్నిబట్టి గ్రహించాలి.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం మళ్లీ తెలుగునేల మీదుగా పోయింది. ఉస్మానియావారి జపాల్-రంగాపురం వేధశాలకు శాస్త్రజ్ఞులు చేరారు. వీధులు మాత్రం నిర్మానుష్యమైనాయని ఆనాటివారంతా చెబుతారు. గుంటూరులో హీలియం గీత కనిపించి అప్పటికి నూట పన్నెండేళ్లు. ఈనాడు గ్రహణసమయాలు చేతిలోని ఫోనే చెబుతున్నది. అదే ఫోనులో పళ్లెం నీళ్లలో నిలబడ్డ రోకలి బొమ్మ ఊరూరా తిరుగుతుంది. అడుగు చదునుగా వున్న రోకలి ఏ రోజునైనా నిలుస్తుంది. ఎవరూ మరునాడు నిలబెట్టి చూడరు. తక్కిన గుళ్లు తలుపులు వేసుకుంటే శ్రీకాళహస్తి మాత్రం గ్రహణవేళ తెరిచి వుంటుంది. ఏడాది పొడుగునా రాహుకేతు పూజలు జరిగే క్షేత్రమది.

మన పక్షం సంగతి కూడా చెప్పుకోవాలి. అభ్యుదయవాదులం అనుకొనేవాళ్లం గ్రహణం వచ్చినప్పుడల్లా 'రాహువు లేడు, కేతువు లేడు, అంతా మూఢనమ్మకం' అని ఒక్క ముక్కలో చెప్పి ఇంటికి వస్తాం. వినేవాడికి పంచాంగం లెక్క నిమిషం తప్పకుండా సరిపోవటం కళ్ల ఎదుట కనిపిస్తుంది. లేదన్నవాడి మాట కంటె లెక్క సరిపోయినవాడి మాటే నమ్ముతాడు. అందులో అతని తెలివితక్కువతనం ఏమీ లేదు. లెక్క నిజమైందే గనుక కథా నిజమే అనే వంతెనను వరాహమిహిరుడు వేసిపెట్టాడు. మనం కూల్చవలసింది ఆ వంతెనను. దానికి ఆ లెక్కనే పనిముట్టుగా వాడుకోవాలి. అక్క అత్తగారి దగ్గర నేను ఓడిపోయింది ఈ విషయం తెలియకనే.

2023 దసరా సెలవుల్లో మళ్లీ వెళ్లాను. ఈసారి రెండు గాజులు అడిగి తీసుకున్నాను. రాహువు వున్నాడన్నాను. ఎక్కడున్నాడో చూపించాను. సూర్యుడు ఒక కూడలి నుంచి రెండో కూడలికి 173 రోజుల్లో చేరతాడనీ, చేరినప్పుడల్లా భూమిమీద ఎక్కడో ఒకచోట ఒక సూర్యగ్రహణమైనా పట్టకుండా పోదనీ చెప్పాను. "కడుపుతో వుండే కాలం తొమ్మిది నెలలు. అంటే గ్రహణం పట్టని గర్భం ఈ భూమ్మీద ఇంతవరకూ లేదండీ. మీదీ అంతే, మా అమ్మదీ అంతే" అన్నాను.

ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. "పెద్దవాడు కడుపులో వున్నప్పుడు పట్టింది, తెలుసు. ఎనభైలో. కిటికీలకు దుప్పట్లు కట్టి నన్ను చీకట్లో పడుకోబెట్టారు. దాహానికి నీళ్లు కూడా ఇవ్వలేదు. అందుకే వాడు బాగా పుట్టాడు" అంది. ఆడపిల్ల ఎప్పుడు పుట్టిందని అడిగాను. 1983 సంక్రాంతికి. నా దగ్గర వున్న పట్టిక తీసి చూశాను. 1982 జూన్ 21న ఒకటి, జూలై 20న ఒకటి, రెండూ సూర్యగ్రహణాలే. మన దేశంలో కనిపించలేదు గనుక ఎవరూ దుప్పట్లు కట్టలేదు.

ఆవిడ తేదీలు మళ్లీ చెప్పించుకుంది. జూలై అంటే ఆషాఢమా అని అడిగింది, అవునన్నాను. గాజులు చేతిలో పెట్టుకొని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, నాతో కాదన్నట్టుగా, "ఆ ఏడు గేదె ఈనింది. రోజూ కొడవలి పట్టుకొని గట్టుమీద గడ్డి కోశాను" అంది. ఇంకేమీ అనలేదు. లేచి గాజులు వేసుకొని, బడి నుంచి మనవడు వచ్చే వేళయిందని వంటింట్లోకి పోయింది. అక్క అక్కడే గుమ్మం దగ్గర నిలబడి వింటున్నది.